నల్లగొండ రత్నగిరికి ఎందుకు పోయింది?

పటాలు, కంప్యూటర్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి శీర్షిక మొత్తం పటాలకే ఇచ్చాం. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. ఫలానా భూమి ఎవరిదో తేల్చమన్న ఉత్తరాలను పక్కన పెట్టాం. అది పటం తేల్చే సంగతి కాదు. ఎందుకు కాదో మునుగోడు రైతుకు రాసిన జవాబులో ఉంది.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం రెండు ఉమ్మడి జిల్లాల చెరువుల వివరాలు రెండు చోట్ల నుంచి తెచ్చాను. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో విడివిడిగా తెరిస్తే బాగానే ఉన్నాయి. ఎక్సెల్‌లో ఒకే పట్టికగా కలిపి మళ్లీ తెరిచేసరికి నల్లగొండ చెరువులు మహారాష్ట్రలో రత్నగిరి దగ్గర తేలాయి. ఇంకోలా ప్రయత్నిస్తే నారాయణపేట చెరువులు బంగాళాఖాతంలో పడ్డాయి. ఫైలు చెడిపోయిందా?
— ఎమ్మెస్సీ విద్యార్థిని, జడ్చర్ల

జవాబు: ఫైలు చెడలేదు. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీ ప్రాంతం నడుమ నుంచి పోవడమే తంటా అంతటికీ మూలం.

చోటును మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో భూగోళాన్ని 6 డిగ్రీల వెడల్పున 60 జోన్లుగా కోస్తారు. 72 నుంచి 78 డిగ్రీల దాకా 43వ జోన్, 78 నుంచి 84 దాకా 44వది. నారాయణపేట, మక్తల్, గద్వాల, కొత్తకోట 43లో పడతాయి. జడ్చర్ల, వనపర్తి, నాగర్‌కర్నూల్, నల్లగొండ 44లో ఉంటాయి. మహబూబ్‌నగర్ పట్టణం దాదాపు ఆ గీత మీదే కూర్చుంది. ప్రతి జోన్‌లోనూ నడిమి గీతకు 5,00,000 మీటర్లు అని పేరు పెట్టి, దానికి తూర్పున ఉన్న దూరాన్ని కలుపుతూ, పడమర ఉన్నదాన్ని తీసేస్తూ లెక్కిస్తారు. 43కు నడిమి గీత 75 డిగ్రీలు, 44కు 81. అందుకే మహబూబ్‌నగర్ దగ్గర 78 డిగ్రీల గీత మీది ఒకే రాయికి 43 లెక్కలో తూర్పు విలువ సుమారు 8,19,900, 44 లెక్కలో సుమారు 1,80,100 వస్తుంది. రెండూ నిజమే.

ఆ అంకె ఏ జోన్‌దో అంకెలో రాసి ఉండదు. అది పక్కన వేరే ఫైల్లో ఉంటుంది. మీరు ఎక్సెల్‌కు తీసిన క్షణంలో ఆ ఫైలు వెనక మిగిలిపోయింది, అంకెలు మాత్రం ముందుకొచ్చాయి. 44 అంకెను 43గా చదివితే ఊరు సరిగ్గా 6 డిగ్రీలు పడమటికి జరుగుతుంది. నల్లగొండ 79.27 డిగ్రీల మీద ఉంది. అందులో 6 తీసేస్తే 73.27, అంటే కొంకణ తీరం. ఇటు 43 అంకెను 44గా చదివితే నారాయణపేట 83.49 డిగ్రీలకు పోతుంది, అక్కడ ఉన్నది సముద్రమే.

బాగు చేయడం తేలికే. మీ పట్టికలో తూర్పు విలువల వరుసను క్రమంలో పెట్టండి. మీ రెండు ఉమ్మడి జిల్లాల వరకు 7 లక్షలతో, 8 లక్షలతో మొదలయ్యేవన్నీ 43వి, 5 లక్షల లోపువన్నీ 44వి. మధ్యలో ఏమీ ఉండవు. రెండు పట్టికలుగా విడదీయండి. మొదటిదాన్ని తెరిచేటప్పుడు ఈపీఎస్‌జీ (కొలత పద్ధతి కోడ్) 32643, రెండోదానికి 32644 అని చెప్పండి. తర్వాత రెండింటినీ 4326కు, అంటే మామూలు అక్షాంశ రేఖాంశాలకు మార్చి, అప్పుడు కలపండి. కలిపి మార్చడం కాదు, మార్చి కలపాలి.

ఇక్కడే చాలామంది జారిపడతారు. క్యూజీఐఎస్‌లో 'సెట్ లేయర్ సీఆర్ఎస్' వేరు, 'రీప్రాజెక్ట్ లేయర్' వేరు. మొదటిది అంకెలను ముట్టుకోదు, వాటి మీద చీటీ మారుస్తుందంతే. రెండోది అంకెలనే కొత్తగా లెక్కగడుతుంది. చీటీ తప్పుగా ఉన్నప్పుడు మొదటిది వాడాలి. చీటీ సరిగ్గా ఉండి వేరే పద్ధతిలోకి పోవాలంటే రెండోది. 43 పొరకు 44 చీటీ అంటించి 'మార్చాను' అనుకుంటే మళ్లీ సముద్రంలోకే.

చెరువుల విస్తీర్ణం కూడా లెక్క కడతారు కాబట్టి ఇంకో మాట. ఉమ్మడి మహబూబ్‌నగర్ మొత్తాన్ని 44లోనే ఉంచితే చూడటానికి ఇబ్బంది లేదు. కానీ నడిమి గీతకు దూరమయ్యే కొద్దీ యూటీఎం కొలత సాగుతుంది. నారాయణపేట దగ్గర కిలోమీటరుకు సుమారు 1.3 మీటర్లు, విస్తీర్ణంలో 0.26 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఎకరానికి 12 చదరపు గజాల పైచిలుకు, అంటే గుంటలో పదో వంతు. చెరువుకు ఇది లెక్కలోకి రాదు, ఇంటి స్థలాలకు వస్తుంది. విస్తీర్ణాన్ని చదునుగా కాకుండా భూగోళపు వంపు మీద లెక్కించే సూత్రం క్యూజీఐఎస్‌లోనే ఉంది. 'ఏరియా' అన్న మాటకు ముందు డాలర్ గుర్తు ఉన్నది వాడండి. ప్రాజెక్టు అమరికలో ఎలిప్సాయిడ్ (భూమి ఆకారపు నమూనా) దగ్గర డబ్ల్యూజీఎస్ 84 ఎంచి ఉందో లేదో ముందు చూసుకోండి.

అక్షాంశం, రేఖాంశం వరుసలు తారుమారు చేసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు నల్లగొండ 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 17 డిగ్రీల తూర్పు రేఖాంశానికి ఎగిరిపోయి నార్వేవారి స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో దిగుతుంది. ఈసారి చెరువులు అక్కడ కనిపిస్తే కారణం ఇదీ.

ప్రశ్న: మా ఊరి పాత నక్షను ఫోన్ల ఫోటో తీసి, ఉపగ్రహ చిత్రం మీద పెట్టించిన. మా గెట్టు పక్కాయన 6 గజాలు లోపలికి జరిపినట్టు కనిపిస్తున్నది. కంప్యూటరే చూపిస్తున్నది గదా, ఇగ దీనికి తిరుగు లేదనుకోవచ్చునా?
— రైతు, మునుగోడు

జవాబు: తిరుగు చాలానే ఉంది. ముందు నక్ష కొలమానం చూడండి. '8 అంగుళాలకు ఒక మైలు' అని ఉంటే అది 1:7920. గుంట అంటే 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు. ఆ నక్ష మీద గుంట భుజం 1.27 మిల్లీమీటర్లు, జొన్న గింజ కన్నా చిన్నది. కలంతో గీసిన గెట్టు గీత మందమే అర మిల్లీమీటరు ఉంటుంది. అది నేల మీద 4 మీటర్లు. మీరు చెప్పే 6 గజాలు నక్ష మీద 0.7 మిల్లీమీటర్లు. అంటే తగాదా మొత్తం ఒకటిన్నర గీతల మందంలో ఉంది. కంప్యూటర్‌లో ఎంత పెద్దగా చేసి చూసినా గీత లావవుతుందే తప్ప కొత్త సంగతి పుట్టదు.

దీనికి కాగితం తోడు. తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, అదీ పొడవు వైపు ఒక తీరు, అడ్డం వైపు ఒక తీరు. 60 సెంటీమీటర్ల నక్ష ఒక్క శాతం కుదించుకుపోతే ఆ చివర 6 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. నేల మీద అది 47 మీటర్లు. నకలుకు నకలు తీసిన కాపీ అయితే ఇంకా ఘోరం. పైనుంచి ఫోన్ కొంచెం వంగినా చతురస్రం ఒకవైపు సన్నబడుతుంది. కింద ఉన్న ఉపగ్రహ చిత్రమూ తన అసలు చోటు నుంచి కొన్ని మీటర్లు జరిగి ఉండొచ్చు. ఒకే చేను వేర్వేరు ఏళ్ల చిత్రాల్లో కదిలినట్టు కనిపించేది అందుకే.

నక్షలోనూ చిత్రంలోనూ ఒకే చోటును చూపే బిందువులు ఎన్ని పట్టి పెట్టారో అడగండి. మూడే పట్టి ఉంటే 'తప్పు సున్నా' అని సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది, చూసినవాళ్లు మురిసిపోతారు. మొదటి తరగతి మార్పిడికి (జరపడం, తిప్పడం, సాగదీయడం) కావలసినవే మూడు బిందువులు. సరిచూసుకోవడానికి నాలుగోది లేదు కాబట్టి తప్పు సున్నా వచ్చింది, అంతే. 'థిన్ ప్లేట్ స్ప్లైన్' ఎంచితే ఎన్ని బిందువులు పెట్టినా సున్నాయే. అది నక్షను రబ్బరులా లాగి ప్రతి బిందువుకూ అంటిస్తుంది. నిజం తెలియాలంటే ఊరి నాలుగు చెరగులా పరుచుకున్న 8, 10 బిందువులు పట్టి, వాటిలో రెండు మూడు వాడకుండా దాచి, చివర్లో వాటి దగ్గర ఎంత తేడా వచ్చిందో కొలవాలి. బిందువులుగా చెట్లు, బాటల మలుపులు పనికిరావు. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోటి రాయి, పాత గుడి మూల, రాతి బావి లాంటివి కావాలి. చెరువు కట్ట మంచిదే, కానీ తర్వాత వెడల్పు చేశారేమో చూసుకోవాలి.

అసలు మార్గం వేరే ఉంది. నక్ష బొమ్మ అయితే, టిప్పన్ లెక్క. టిప్పన్‌లో ప్రతి సర్వే నంబరుకు గొలుసు కొలతలు అంకెల్లో రాసి ఉంటాయి. గొలుసు 33 అడుగులు, అందులో 16 అణాలు, ఒక్కో అణా 24.75 అంగుళాలు. కాగితం ముడుచుకున్నా అంకె ముడుచుకోదు. కాబట్టి కంప్యూటర్‌కు నక్ష ఫోటో ఇవ్వడం కంటే టిప్పన్ అంకెలు ఇచ్చి, చేను నడుమ పోయే కొలత గీతను, దానికి లంబంగా పోయే కొలతలను కొత్తగా గీయించడం మేలు. గీశాక వచ్చిన విస్తీర్ణాన్ని సేత్వార్‌లో (పాత సర్వే రిజిస్టరు) ఉన్న ఎకరాలు, గుంటలతో పోల్చండి. గుంట 101.17 చదరపు మీటర్లు, 40 గుంటలు ఎకరం. అన్ని నంబర్లలోనూ తేడా ఒకే శాతంలో ఉంటే కొలమానం తప్పు పడింది. ఒక్క నంబరే ఎడంగా ఉంటే ఆ టిప్పన్‌లో ఏదో అంకె తప్పు చదివారు. పాత చేతిరాతలో, అందులోనూ ఉర్దూ అంకెల్లో 2, 3 ఒకదానికొకటి పోలి ఉంటాయి. ముందు అక్కడే వెతకండి.

టిప్పన్ నుంచి గీసిన ఆకారాన్ని నేలకు దించాలంటే హద్దురాళ్ల దగ్గర డీజీపీఎస్ (సర్వేకు వాడే కచ్చితమైన జీపీఎస్) పెట్టి చదవాలి. ఫోన్ జీపీఎస్ బయలు ప్రదేశంలోనే 3 నుంచి 5 మీటర్లు అటూ ఇటూ ఆడుతుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. డీజీపీఎస్ సెంటీమీటర్లలో చెబుతుంది. మీ 6 గజాల మాట నిలబడేది సర్వే దరఖాస్తు పెట్టి, పక్కాయనకు నోటీసు అంది, ఇద్దరి ముందు కొలిచినప్పుడే. ధరణి అయినా, 2025లో దాని చోటికి వచ్చిన భూభారతి అయినా, తెర మీద పటం కనిపించినంత మాత్రాన అది కొలిచిన పటం అనుకోవద్దు. పాత నక్షను చూసి గీసినదైతే పాత నక్ష మందమే అందులోనూ ఉంటుంది.

ప్రశ్న: నాగార్జునసాగర్ నిండినప్పుడు నీటి ఒడ్డున నిలబడి ఫోన్‌లో ఎత్తు చూస్తే 100 మీటర్లే చూపించింది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు కదా?
— పాఠకుడు, హాలియా

జవాబు: అవును, 590 అడుగులంటే 179.8 మీటర్లు. ఫోన్ చెప్పింది సముద్ర మట్టం నుంచి కాదు, లెక్క కోసం ఊహించిన నున్నటి దీర్ఘగోళం మీది ఎత్తు. దక్షిణ భారతంలో సముద్ర మట్టపు ఉపరితలం ఆ దీర్ఘగోళం కంటే చాలా కిందికి ఉంటుంది. హైదరాబాద్ దగ్గరే సుమారు 75 మీటర్లు కింద. ఆ తేడాను కలపని యాప్‌లో ఎత్తు తక్కువ వస్తుంది. ఈ తేడాను సరిచేసే, అంటే జియాయిడ్ సవరణ చేసే యాప్ వాడండి. లిఫ్టు పైపులకు ఎత్తు లెక్కించేవాళ్లు మాత్రం ఫోన్ జోలికి పోవద్దు, దగ్గర్లోని బెంచ్‌మార్క్ (ఎత్తు కొలిచి పెట్టిన గుర్తు) నుంచి లెవెల్ పట్టించండి.

ప్రశ్న: మా గ్రంథాలయంలో గుడ్డ మీద అంటించిన పాత పటాలు, టోపోషీట్లు (సర్వే ఆఫ్ ఇండియా పటాలు), నీలి కాగితాల మీద తెల్ల గీతల ప్లాన్లు ఒక కట్ట ఉన్నాయి. కొన్నింటికి సెల్లోటేపు వేశారు. లామినేషన్ చేయించి, స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెడదామనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: మాస్టారూ, లామినేషన్ ఆలోచన ఇవాళే మానేయండి. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ ఊడదు. కాగితంలోని ఆమ్లం లోపలే ఉండి పని కానిస్తుంది. కొత్తగా టేపు వేయొద్దు, పాత టేపు పీకొద్దు. ఎండిన టేపు దానంతట అదే ఊడితే చిరుగును అలాగే వదిలి, పటాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో కాకుండా మందపాటి ఆమ్లరహిత కాగితపు ఫోల్డర్‌లో పెట్టండి. చుట్టిన పటాలను ఇస్త్రీ చేయొద్దు. మెత్తగా విప్పి, రెండు శుభ్రమైన అట్టల మధ్య పెట్టి, పైన బరువు వేసి వారాల తరబడి వదిలేస్తే చాలావరకు సాఫవుతాయి. వేసవిలో విప్పితే మడత దగ్గర విరుగుతాయి, వానాకాలంలో కాగితం మెత్తగా ఉంటుంది. అప్పుడు విప్పడం మేలు, బూజు పట్టకుండా గాలి ఆడేలా చూసుకుంటూ.

నీలి ప్లాన్లను వేరుగా ఉంచాలి. వెలుతురుకు వెలిసిపోతాయి, సున్నపు గుణం కలిపిన కాగితం తగిలినా రంగు చెడుతుంది. టోపోషీట్లకు మంచిదైన ఆల్కలీ కాగితం వీటికి విషం.

స్కానింగ్‌కు జిరాక్స్ దుకాణంలోని ఏ3 స్కానర్ మీద ముక్కలు ముక్కలుగా తీసి అతికించే పద్ధతి చౌక, కానీ ప్రతి అతుకు దగ్గరా రోడ్డు రెండుగా విరుగుతుంది. ప్లాన్లు స్కాన్ చేసే వెడల్పాటి రోలర్ యంత్రం గట్టి షీట్లకు బాగుంటుంది. చిరిగినవి, గుడ్డ అతుకు ఊడినవి అందులో పెడితే మాత్రం పటం ముక్కలై బయటికొస్తుంది. అలాంటివాటికి పైనుంచి కెమెరా బిగించిన స్టాండే దిక్కు. 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు) చాలు. మా ప్రాంతపు 1:50,000 టోపోషీట్‌లో పటం భాగం సుమారు 53 సెంటీమీటర్ల వెడల్పు, 55 ఎత్తు ఉంటుంది. 400 డీపీఐలో అది 7 కోట్ల 30 లక్షల చుక్కలు, రంగుల్లో సుమారు 220 ఎంబీ. ఒక్కో చుక్క నేల మీద 3.2 మీటర్లు. ముద్రించిన సన్న గీతే 5, 10 మీటర్లు కమ్ముతుంది కాబట్టి 1200 డీపీఐలో తీసినా పెరిగేది డిస్కు ఖర్చే. అసలు ప్రతిని టిఫ్‌గా దాచి, పంచుకోవడానికి వేరే జేపీఈజీ తీయండి. జేపీఈజీని తెరిచి మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే సన్న అక్షరాల చుట్టూ మురికి తేలుతుంది. ప్రతి స్కాన్‌లోనూ ఒక అంచున స్టీలు స్కేలు కనిపించేలా పెట్టండి. యంత్రం కాగితాన్ని లాగిందో లేదో తర్వాత కొలిచి చూడటానికి అదొక్కటే సాక్షి.

చాలామంది స్కాన్ అయ్యాక పని అయిపోయిందనుకుంటారు. పట్టిక లేని స్కాన్ల గుట్ట, కట్ట విప్పని పటాల కన్నా అధ్వాన్నం. కట్టనైనా చేత్తో తిరగేయొచ్చు. ఒక్కో పటానికి ఒక వరుస పెట్టి షీట్ నంబరు, కొలమానం, సర్వే చేసిన ఏడాది, ముద్రించిన ఏడాది, పటం నాలుగు అంచుల అక్షాంశ రేఖాంశాలు, ఎంత చిరిగిందో, బీరువాలో ఏ సొరుగులో ఉందో రాయండి. సర్వే ఏడాది, ముద్రణ ఏడాది వేర్వేరు గడులు. సాగర్ రాకముందు సర్వే చేసి, తర్వాత ముద్రించిన షీట్ మీద ముద్రణ ఏడాది ఒక్కటే రాసుకుంటే, 'జలాశయం ఎందుకు లేదు' అని ఎవరో ఒకరు కొట్టుకు చస్తారు.

నాలుగు అంచుల అంకెలు ఉండటం వల్ల కలిగే లాభం చెప్పాలి. పాత కార్డుల్లో 'దేవరకొండ' అని వెతికితే ఆ పేరున్న పటమే దొరికేది. డేటాబేస్‌లో 16.70 ఉత్తరం, 78.93 తూర్పు అని అడిగితే ఆ చోటును కప్పే ప్రతి పటమూ వస్తుంది. శీర్షికలో దేవరకొండ లేని 56 ఎల్/14 షీటూ, నిజాం రాజ్యపు పటమూ, కాలువల ప్లానూ అన్నీ. విదేశాల్లో డేవిడ్ రమ్సీ పాత పటాల సేకరణ లాంటివి ఇంకో అడుగు వేసి, పాత పటాన్ని నేటి పటం మీద పరిచే పనిని చూడవచ్చిన పాఠకుల చేతే చేయిస్తాయి. మీకు మొదట పట్టిక చాలు.

జాలంలో పెట్టేముందు రెండు చూసుకోండి. పటం అంచున 'రిస్ట్రిక్టెడ్' అని ఉంటే పెట్టకూడదు. లేనివాటిలో ప్రభుత్వ ప్రచురణలకు కాపీరైటు 60 ఏళ్లు, ప్రచురించిన మరుసటి ఏడాది మొదటి నుంచి లెక్క.

ప్రశ్న: ఊళ్ల పేర్లు తెలుగులో ఎక్కించి షేప్‌ఫైల్‌గా దాచాను. మిత్రుడి కంప్యూటర్‌లో అన్నీ ప్రశ్నార్థకాలు వచ్చాయి. 'మండలం' అన్న గడి పేరు కూడా తెగిపోయింది.
— డేటా ఎంట్రీ ఉద్యోగి, గద్వాల

జవాబు: షేప్‌ఫైల్ పేరుకు ఒకటి, నిజానికి నాలుగైదు ఫైళ్ల గుంపు. పేర్లుండేది డీబీఎఫ్ అనే పట్టిక ఫైల్లో. అది తెలుగు కంప్యూటర్లలోకి రాకముందు నాటి పద్ధతి. గడి పేరుకు 10 బైట్లే ఇస్తుంది. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. 'మండలం'లో మ, సున్న, డ, ల, సున్న కలిపి అయిదు గుర్తులు, 15 బైట్లు. అందుకే తెగింది. గడిలోపలి మాటకు 254 బైట్ల దాకా చోటుంది కాబట్టి ఊరి పేర్లు పడతాయి, కానీ అక్షరాలను ఏ పద్ధతిలో దాచారో చెప్పే సీపీజీ అనే బుల్లి ఫైలు కూడా వెంట పోవాలి. మీరు దాన్ని పంపి ఉండరు. ప్రశ్నార్థకాలుగానే సేవ్ అయిపోయిన ఫైల్లోంచి మాత్రం పేర్లు తిరిగి రావు, అసలు ప్రతి నుంచే మళ్లీ తీయాలి. ఇకమీదట జియోప్యాకేజ్‌లో దాచండి. అంతా ఒకే ఫైలు, తెలుగు గడి పేర్లతో సహా.

ప్రశ్న: 2011 జనాభా లెక్కలను ఇప్పటి జిల్లాల పటం మీద చూపాలి. పేర్లతో కలిపితే సగం ఊళ్లు కలవడం లేదు, కొన్ని రెండుసార్లు వస్తున్నాయి.
— పరిశోధక విద్యార్థి, సూర్యాపేట

జవాబు: పేరుతో కలపడమే తప్పు. కొత్తపల్లులు, రామాపురాలు ఒక్కో జిల్లాలోనే ఎన్నో. మీ జిల్లా కేంద్రం పేరే ఇంగ్లిషులో నాలుగు రకాలుగా రాస్తారు. జనాభా లెక్కల్లోని ఆరంకెల గ్రామ కోడ్‌తో మొదలుపెట్టి, దానికి ఎదురుగా లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ (ప్రభుత్వం ఇచ్చే ఊళ్ల, పంచాయతీల కోడ్‌ల జాబితా) కోడ్ ఉన్న పట్టిక తయారు చేసుకోండి. పేరు కేవలం మనిషి చూసుకోవడానికి.

2011 నాటికి మనది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట కలిసి 33. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. మహబూబ్‌నగర్ చీలి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల పుట్టాయి, షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్ వైపు పోయాయి. అందుకని పాత జిల్లా మొత్తాన్ని కొత్త జిల్లాలకు పంచే లెక్క వేయొద్దు. రెవెన్యూ గ్రామాన్నే ఇటుకలా పట్టుకుని, ప్రతి గ్రామం ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ మండలం, ఏ జిల్లాలో ఉందో వేర్వేరు వరుసల్లో రాయండి. నారాయణపేట మండలపు ఊరికి మూడు వరుసలు వస్తాయి: 2016 దాకా పాత మహబూబ్‌నగర్, 2019 దాకా కొత్త మహబూబ్‌నగర్, ఆ తర్వాత నారాయణపేట. అప్పుడు ఏ తేదీ అడిగితే ఆ తేదీ పటం డేటాబేసే కట్టి ఇస్తుంది.

తండాల దగ్గర జాగ్రత్త. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు పంచాయతీలయ్యాయి గానీ రెవెన్యూ హద్దు పాత ఊరిదే. పంచాయతీల పట్టికను రెవెన్యూ పటంతో కలిపితే మీకు ఊళ్లు రెండుసార్లు వచ్చింది ఇందుకే అయి ఉండాలి.

ప్రశ్న: శ్రీశైలం జలాశయంలో మునిగిన మా పెద్దల ఊరు ఎక్కడుండేదో ఇప్పటి పటం మీద చూపించుకోవాలని కోరిక. ఏ షీట్ చూడాలి, ఎలా కలపాలి?
— పాఠకురాలు, కొల్లాపూర్

జవాబు: ముందు షీట్ నంబరు. పాత నంబర్లలో 76 నుంచి 80 తూర్పు, 16 నుంచి 20 ఉత్తరం మధ్య చతురస్రం 56. దాన్ని డిగ్రీ చొప్పున 16 గడులు చేసి, పై నుంచి కిందికి, ఎడమ వరుస నుంచి కుడికి ఏ నుంచి పీ దాకా అక్షరాలు ఇస్తారు. ఒక్కో గడిని మళ్లీ 15 నిమిషాల చొప్పున 16 చేసి, అదే క్రమంలో 1 నుంచి 16. కొల్లాపూర్ 16.1 ఉత్తరం, 78.3 తూర్పు కాబట్టి 56 ఎల్/8. నది దాటి దక్షిణానికి పోతే 16 డిగ్రీల గీత వస్తుంది, అక్కడి నుంచి 57 ఐ/5. మహబూబ్‌నగర్ వాళ్లది మరీ అన్యాయం, పట్టణం నాలుగు షీట్లు కలిసే మూలకు ఆనుకుని ఉంది. 56 హెచ్/13, హెచ్/14, ఎల్/1, ఎల్/2 పక్కపక్కన పరిస్తే గానీ ఊరి చుట్టుపక్కలు కనపడవు. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ పోర్టల్‌లో దొరికే ఓపెన్ సిరీస్ షీట్ల నంబర్లు వేరు, పైగా వాటిలో నీళ్లే ఉంటాయి. మీకు 1980ల ముందు సర్వే చేసిన షీట్ కావాలి. అంగుళానికి మైలు కొలమానపు షీట్ దొరికినా మంచిదే, నంబరు అదే.

స్కాన్ చేశాక క్యూజీఐఎస్ జియోరిఫరెన్సర్‌లో షీట్ నాలుగు మూలలూ, లోపల 5 నిమిషాల గీతలు కలిసే చోట్లూ బిందువులుగా పెట్టండి. మునిగిన లోయలో పట్టుకోవడానికి గుడీ బాటా మిగల్లేదు కాబట్టి ఈ గీతలే మీకు ఆధారం. ఇక్కడ డబ్ల్యూజీఎస్ 84 ఎంచితే ఊరు సుమారు 180 మీటర్లు జరిగి కూర్చుంటుంది. పాత షీట్లు ఎవరెస్ట్ దీర్ఘగోళం మీద గీసినవి. దాని కోడ్ అయిన ఈపీఎస్‌జీ 4146 ఎంచి, ఆ తర్వాత 4326కు మార్చండి. మార్చాక నీళ్ల బయట ఇంకా నిలిచి ఉన్న కొండ శిఖరాలు రెండు మూడు నేటి ఉపగ్రహ చిత్రంతో కలుస్తున్నాయో లేదో చూడండి. షీట్ మీద 180 మీటర్లంటే 3 మిల్లీమీటర్ల పైమాటే, కంటికి తెలుస్తుంది.

ఊరు నీటి అంచున ఉండేదైతే మునిగిందా లేదా అన్నది ఎత్తు గీతల్ని బట్టి చెప్పడం కష్టం. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, 269.7 మీటర్లు. 1:50,000 షీట్ మీద గీతలు 20 మీటర్లకొకటి, అంటే 260, 280. మట్టం సరిగ్గా వాటి నడుమ పడింది. ఆ సందు తీర్చడానికి ల్యాండ్‌శాట్ చిత్రాలు పనికొస్తాయి. 1972 నుంచి ఉన్నాయి, అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఉచితంగా ఇస్తుంది. తొలి చిత్రాల్లో ఒక్కో చుక్క సుమారు 80 మీటర్లు, ఇళ్లు కనపడవు. కానీ 1970ల చిత్రంలో సన్నటి నది, 1980ల చివరి చిత్రంలో నిండు జలాశయం ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన మీ పాత షీట్‌ను సగం పారదర్శకంగా చేస్తే ఊరు ఏ రంగులో పడిందో తెలుస్తుంది. మే నెల చిత్రాలు కూడా దించి చూడండి. మట్టం బాగా దిగిన ఏడాది ఒడ్డు ఎంతో వెనక్కి పోతుంది. షీట్ మీద మీ ఊరి పక్క ఊట బావి గుర్తు ఉంటే దాని అంకెలు రాసిపెట్టుకోండి. నీళ్లు తగ్గినప్పుడు ఫోన్‌లో ఆ అంకెలు పెట్టుకుని నడిచిపోవచ్చు, 5 మీటర్ల అటూ ఇటూగా ఫోనూ, 30, 40 మీటర్ల అటూ ఇటూగా పాత షీటూ తప్పుతాయని గుర్తుంచుకుని.